పడమటి గోడకి మొక్కల తెర: మన ఉక్కపోతలో పనిచేస్తుందా?

పడమటి పడగ్గది
మాది రాజమండ్రిలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. మేముండేది రెండో అంతస్తు, పడగ్గది పడమర వైపు. మే నెలలో రాత్రి పదింటికి మంచం వెనక గోడ మీద చెయ్యి వేస్తే అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంటుంది. మొన్న మీటింగులో ఒకాయన పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం గోడ, నిలువునా మొక్కలతో కప్పేసిందాని ఫోటో చూపించి, మన పడమటి వైపంతా అలా మొక్కల ప్యానెళ్ళు పెట్టిద్దాం, ఖర్చు అందరం పంచుకుందాం అన్నారు. తూర్పు ఫ్లాట్లవాళ్ళు "మీ గోడకి మేమెందుకు కట్టాలి" అని లేచారు. ఆ గొడవ సంగతి మేం చూసుకుంటాం. అసలు గోదావరి జిల్లాల చెమటకి ఇది పనిచేస్తుందా? తెలిసినవాళ్ళు ఇక్కడ చెప్పండి.

కడియం కుర్రోడు
మాది నర్సరీ, అమ్ముకోడానికి చెబుతున్నా అనుకోకండి. బ్రహ్మాండంగా పనిచేస్తుందండి. ఆకు నీటిని ఆవిరి చేస్తుంది కదా, లీటరు నీరు ఆవిరవ్వాలంటే దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి కావాలి. రోజుకి పది లీటర్లు ఆవిరైనా, టన్ను ఏసీ రెండు గంటలు లాగే వేడి అది!

లెక్కల మాస్టారు
లెక్క సరిగ్గానే ఉంది బాబూ, కాకపోతే ఆ వేడి పోయేది గదిలోంచి కాదు. ఆకులు చల్లబరిచేది గోడ బయటి గాలిని. ఆ గాలి నీకోసం అక్కడే నిలబడి ఉండదు.

పైగా గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి తగ్గిపోతుంది. మా చిన్నప్పుడు కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. పడమటి వడగాలి కొట్టిన రోజు ఆ గదిలో స్వర్గం. గాలి సముద్రం వైపుకి తిరిగిందా, అదే తడికె ఉక్క పెంచేది, మా నాన్నగారే తీసి మూల పెట్టేవారు. కాకినాడ, అమలాపురం వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

అయినా నేను మొక్కలు వద్దనను. మనకి వాటితో అసలు పని నీడ. మే 8, 9 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు రాజమండ్రికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నప్పూట కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే మండుటెండల్లో దక్షిణపు గోడకి ఎండ పెద్దగా తగలదు, అక్కడ మొక్కలు పెట్టి లాభం లేదు. పడమటి గోడ సంగతి వేరు. మూడు దాటాక ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచి దూరి గోడకి తిన్నగా తగులుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆ వేడిని లోపలికి చేర్చడానికి ఆరేడు గంటలు తీసుకుంటుంది. మీ చేతికి రాత్రి పదింటికి తగిలింది మధ్యాహ్నం మూడింటి ఎండేనండి. అది గోడని తాకకముందే ఆపాలి.

రేకు అడ్డం పెట్టినా ఆగుతుంది కదా అంటారేమో. రేకు తానే కాగి ఆ సెగని గోడ మీదకి కొడుతుంది. ఆకు నీళ్ళు తాగుతుంది కాబట్టి అంతగా కాగదు. కడియం అబ్బాయి చెప్పిన ఆవిరి ఇక్కడ అక్కరకొస్తుంది.

నాలుగో అంతస్తు
మాస్టారూ, సూర్యుడు నడినెత్తినే ఉంటే కాలేది ఎవరి నెత్తి? మాది! డాబా రోజంతా కాగుతుంది, ఫ్యాను వేస్తే వేడిగాలి. ముందు డాబా మీద తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి. ఆ ప్యానెళ్ళ ఖర్చులో పదో వంతు కూడా అవ్వదు. గోడకి పూలతోట తర్వాత పెంచుదురుగాని.

పడమటి పడగ్గది
డాబాకి వేస్తే మీకు చల్లగా ఉంటుంది, రెండో అంతస్తు గోడకి ఏమొస్తుందండీ?

నాలుగో అంతస్తు
తూర్పువాళ్ళు మిమ్మల్ని అడిగింది కూడా ఇదే కదండీ 🙂

మేస్త్రి బాబాయ్
ముప్పై ఏళ్ళుగా గోడల్లోంచి రావి మొలకలు పీకుతున్నాను. ఇప్పుడు డబ్బిచ్చి పెంచుకుంటారా?

ఆ పారిస్ పద్ధతిలో మట్టి ఉండదు. ఇనుప చట్రానికి షీటు బిగించి, దాని మీద ఫెల్టు గుడ్డ పరిచి, అందులో మొక్కలు దూర్చి, పైనుంచి ఎరువునీళ్ళు వదులుతుంటారు. రోహిణి కార్తెలో మోటారు ఒక్కపూట ఆగిందనుకోండి, ఫెల్టు ఎండి మొక్కలు వాడిపోతాయి. చట్రం బిగించిన మేకుల దగ్గర నీరు దిగితే లోపల చెమ్మ, ప్లాస్టింగ్ రాలడం. 96 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లే పడుకున్నాయి, ఈ ప్యానెళ్ళు ఎంత?

నా మాట వింటే గోడకి జానెడు ఎడంగా గట్టి జాలీ పెట్టి తీగ పాకించండి. గోడని వేళ్ళతో పట్టుకుని ఎగబాకే రకం మాత్రం వద్దు.

లెక్కల మాస్టారు
ఆ జానెడు ఎడం చాలా ముఖ్యం. ఆకులు గోడకి అతుక్కుపోతే రాత్రి గోడ చల్లారడం ఆలస్యమవుతుంది, దుప్పటి కప్పినట్టే. మధ్యలో గాలి ఆడాలి.

కడియం కుర్రోడు
సరే, ప్యానెళ్ళ మాట ఒదిలేస్తా. కింద నాటిన తీగ నాలుగో అంతస్తు చేరేసరికి ఏళ్ళు పడుతుంది, అందుకని ప్రతి బాల్కనీలో ఒక పెద్ద తొట్టి పెట్టుకోండి. రాధామనోహరం అయితే ఎండకి తట్టుకుంటుంది, గుబురుగా వస్తుంది. చిక్కుడు పాదు మాత్రం వేయకండి. సంక్రాంతికి కాయలిచ్చి, ఎండలు ముదిరేసరికి ఒట్టి పుల్లలు మిగులుతాయి. తొట్టి కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి, దోమలు గుడ్లు పెట్టేది అందులోనే.

పడమటి పడగ్గది
అందరికీ ధన్యవాదాలు. మీటింగులో మళ్ళీ కూర్చున్నాం. డాబాకి తెల్ల పెయింటు సంఘం డబ్బుతో. జాలీ, తొట్టి ఎవరి ఫ్లాటుకి వాళ్ళు. నేనైతే పడగ్గది గోడలో సగానికే జాలీ పెట్టిస్తున్నాను, వచ్చే మేలో రాత్రి పదింటికి రెండు సగాల మీదా చెయ్యి వేసి చూసి ఇక్కడే రాస్తాను. మాస్టారు నవ్వినా సరే, థర్మామీటర్ కూడా కొంటాను.

మీటింగు అయ్యాక తూర్పు ఫ్లాటు ఆవిడ మెట్ల దగ్గర ఆపి, రాధామనోహరం వాసన వాళ్ళ వైపుకి కూడా వస్తుందా అని అడిగారు.