అప్‌డేట్: అమ్మ తుంటి ఇంప్లాంట్‌లో ఇన్‌ఫెక్షనే అని తేలింది

తుంటి మార్పిడి అయి రెండేళ్లు దాటినా అమ్మకు నొప్పి, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) ఎక్కువ. యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ముందు కీలులో నీరు తీయించి పరీక్ష చేయించమని మీరన్నారు. మీ మాటే నిజమైంది.

గుంటూరులో సర్జన్ మాత్రలు ఆపించి, రెండు వారాలాగి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో నీరు తీశారు. మందు ఒంట్లో ఉంటే క్రిమి ఉన్నా కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) పెరగకపోవచ్చు. జ్వరం, వణుకు ఉంటే మాత్రం ఇలా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కణాల లెక్కకు ఊదారంగు మూత ట్యూబు, కల్చర్‌కు బ్లడ్ కల్చర్ సీసా వాడారు. తెల్లకణాలు మైక్రోలీటరుకు 3000, వాటిలో న్యూట్రోఫిల్స్ 80 శాతం దాటితే అనుమానం బలపడుతుంది. రెండూ దాటాయి. కల్చర్ 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు ముందే చెప్పండి, నెమ్మదిగా పెరిగే క్రిములు అయిదు రోజుల్లో బయటపడకపోవచ్చు. మన దగ్గర టీబీ పరీక్ష కూడా అడగడం మంచిది.

కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే, చర్మం మీద ఉండే బాక్టీరియా వచ్చింది. అది లోహం మీద పొరకట్టి కూర్చుంటుంది, ఉత్త మాత్రలకు లొంగదు. అందుకే రెండు దశల ఆపరేషన్: ఇంప్లాంట్ తీసి, కనీసం అయిదు చోట్ల కణజాలం కల్చర్‌కు పంపి, వాంకోమైసిన్, జెంటామైసిన్ కలిపిన సిమెంట్ స్పేసర్ (కీలు స్థానంలో తాత్కాలికంగా ఉంచే దిమ్మ) పెడతారు. దాదాపు ఆరు వారాల యాంటీబయాటిక్స్ తర్వాత, ఇన్‌ఫెక్షన్ అదుపులోకి వస్తేనే కొత్త కీలు. ఈలోగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) తరచూ చూడాలి. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఎవరైనా ఒక్కటే రాస్తే అడగండి, తోడు మందు లేకుండా వాడితే క్రిమి త్వరగా మొండికేస్తుంది.