నోటి పరికరంతో స్లీప్ అప్నియా సగమే తగ్గితే: కారణం వెదకాలా, వెంటనే సీపాప్‌కు మారాలా?

ఒంగోలు నుంచి, ప్రశ్న వేసినవారు:
మా బావగారు చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ దిమ్మెలు చేరవేసే లారీ నడుపుతారు. నిద్రలో గంటకు 34 సార్లు శ్వాస ఆగిపోవడమో, సన్నగిల్లడమో జరుగుతోందని పరీక్షలో తేలింది. సీపాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మాస్కు పెట్టుకుంటే ఊపిరాడటం లేదని తీసేస్తుండటంతో, కింది దవడను ముందుకు జరిపి ఉంచే నోటి పరికరం చేయించారు. గురక దాదాపు పోయింది. అయితే పరికరం పెట్టుకుని ఇంట్లోనే చేసిన పరీక్షలో ఆ అంకె 16 దగ్గర ఆగింది. సగానికి పైగా తగ్గింది గనుక ఇది చాలునని ఒకరు, సీపాప్‌కే రావాలని మరొకరు చెబుతున్నారు. ఏది సబబు?

నెల్లూరు నుంచి, దంతవైద్యుడు:
పరికరాన్ని ఇప్పుడే పక్కన పెట్టడం తొందరపాటు. పక్కనున్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, దవడ ముందుకు రాగలిగినంత దూరంలో సుమారు 50 నుంచి 70 శాతం వరకు జరపడం వాడుకలో ఉన్న పద్ధతి. వారి దవడ ప్రస్తుతం ఎంతవరకు జరిగిందో తెలియకుండా పరికరం విఫలమైందని అనలేము.

కావలి నుంచి, ఊపిరితిత్తుల వైద్యురాలు:
స్క్రూ సంగతిలో మీతో ఏకీభవిస్తాను, కానీ "సగం తగ్గితే చాలు" అన్న కొలబద్దను అంగీకరించలేను. 5 లోపు ఉంటేనే మామూలు, 15 నుంచి 30 వరకు మధ్యస్థ స్థాయి వ్యాధి, కాబట్టి 16 అంటే జబ్బు ఇంకా ఉన్నట్టే. పైగా ఇంట్లో వాడే చాలా పరికరాలు మెదడు తరంగాలను నమోదు చేయవు. మనిషి మేలుకుని పడుకున్న సమయాన్ని కూడా నిద్రలో కలిపి గంటకు ఎన్నిసార్లని భాగించడం వల్ల అసలు అంకె 16 కంటే ఎక్కువే అయి ఉండవచ్చు. గురక పోయిందన్న ఇంట్లోవారి మాట ఊరట కలిగిస్తుందే తప్ప రుజువు కాదు. నివేదికలో ఆక్సిజన్ 90 శాతం కంటే కింద ఎంతసేపు ఉందో, వెల్లకిలా పడుకున్నప్పుడు, పక్కకు తిరిగినప్పుడు అంకెలు విడివిడిగా ఎంతో చూడండి. మిగిలినవి మెదడు నుంచి సంకేతం అందక ఆగే శ్వాసలైతే దవడను ఎంత జరిపినా తగ్గవు. ముక్కు దిబ్బడ, పెరిగిన బరువు, రాత్రి మద్యం, నిద్రమాత్రలు కూడా విచారించాలి.

ఒంగోలు నుంచి:
నివేదిక తీసి చూశాను. వెల్లకిలా 29, పక్కకు 8 అని ఉంది.

నెల్లూరు నుంచి, దంతవైద్యుడు:
అయితే సమస్య చాలావరకు పడుకునే భంగిమలో ఉంది. వెల్లకిలా తిరగనివ్వని పట్టీ కట్టి, దవడను మరికొంత జరిపి, పరికరం నోట్లో ఉండగానే మళ్ళీ పరీక్షించవచ్చు.

కావలి నుంచి, ఊపిరితిత్తుల వైద్యురాలు:
చేయవచ్చు, కానీ పక్కకు కూడా 8 ఉందని మరువవద్దు. ఈసారి పరీక్ష నిద్ర ప్రయోగశాలలో జరగాలి. అప్పటికీ తగ్గకపోతే, మత్తు ఇచ్చి గొంతులో ఏ భాగం మూసుకుంటోందో చూసే ఎండోస్కోపీ గురించి ఆలోచించవచ్చు. మాస్కు భయపెడితే ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం ఉంది. నోటి పరికరంతో కలిపి వాడితే సీపాప్ ఒత్తిడిని తగ్గించుకునే వీలు కూడా కొందరిలో ఉంటుంది. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడలేను: పగలు కునుకు వస్తుంటే, ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆయన రాత్రిపూట జాతీయ రహదారి మీద లారీ తోలకూడదు.


ఒంగోలు నుంచి:
పగలు కునుకు వస్తున్న మాట నిజమే. ఈ వారం బండిని వేరే డ్రైవరుకు అప్పగించమని బావగారికి చెబుతాను.