జీవిత పరమార్థం వెతకడం మానేయాలంటే: ఒకచోట చిక్కు, సలహా కావాలి

విశాఖవాళ్లు, ఇంకెవరైనా తెలిసినవాళ్లు చెప్పండి. జీవితానికి అర్థమేంటన్న ప్రశ్నని బలవంతంగా అణిచేస్తే రెట్టింపై తిరిగొస్తుంది. అందుకే వాయిదా పద్ధతి: రోజూ ఒకే వేళకి, ఆరింటికి అనుకోండి, 15 నిమిషాలు. మిగతా వేళల్లో బుర్రలోకి వస్తే నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసి చేతిలో పనికి తిరిగిపోవాలి. పడుకునే ముందు మాత్రం పెట్టుకోకూడదు, నిద్ర చెడుతుంది. ఆ పావుగంటలో "దీనికి జవాబు తెలిస్తే రేపు పొద్దున్న ఏం మారుతుంది?" అని రాయాలి. తరచూ ఏమీ మారదనే తేలుతుంది. మారేది ఉంటే, అమ్మకి ఫోన్ చెయ్యడం లాంటిది, అది పని. చేసెయ్యడమే.

చిక్కెక్కడంటే, "వదిలేశానా లేదా" అని చూసుకోవడమే కొత్త వెతుకులాట అయిపోతుంది. బుద్ధుడు శిష్యుడు మాలుంక్యపుత్రుడికి చెప్పిన బాణం పోలిక (వేసిందెవరో తెలిసేదాకా పీకనివ్వనన్నవాడు ఈలోగా పోతాడు) విశాఖ దగ్గరున్న పాత బౌద్ధారామం తొట్లకొండ ఎక్కి మరీ చర్చించుకోవచ్చు, అదీ చర్చగానే మిగులుతుంది.

ఈ కొలుచుకోవడం ఆపేదెలా? పావుగంటని వారానికోసారికి ఎప్పుడు తగ్గించాలి?

బీచ్ రోడ్డులో నడవమనకండి, నడకలోనే ఈ ప్రశ్న ఇంకా బాగా తిరుగుతుంది. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, ఆసక్తి పోతే డాక్టర్‌ని చూడాలనీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉందనీ తెలుసు. అడుగుతున్నది అది కాదు.