సబ్‌టైటిల్ చదివి నవ్వితే లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న: నైట్‌డ్యూటీ_తిరుపతి

రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ నాది. రాత్రి పన్నెండు దాటిందంటే, మళ్ళీ మూడింటికి కొండకు పోయేవాళ్ళు లేచి వేడినీళ్ళు అడిగేదాకా నాకూ రూమ్ బాయ్‌కీ పని ఉండదు. ఒకే ఫోను, చెరొక ఇయర్‌ఫోను, స్టాండప్ (ఒక్కడే మైకు పట్టుకుని మాటలతో నవ్వించే షో) వీడియోలు. మొన్న ఇద్దరికీ గొడవొచ్చింది, లోకంలో అందరికంటే గొప్పోడు ఎవరని.

వాడు అమెరికా కమెడియన్ జార్జ్ కార్లిన్ అంటాడు. టీవీలో అనకూడని ఏడు బూతు మాటలంటూ 1972లో ఒక ఐటెం చేశాడు, అది చెప్పినందుకు అదే సంవత్సరం అక్కడి మిల్వాకీ ఊళ్ళో అరెస్టయ్యాడు. ఆ తరహాదే ఇంకోటి రేడియోలో వేస్తే కేసు అమెరికా సుప్రీంకోర్టుదాకా పోయి 1978లో తీర్పొచ్చింది. ‘జోకు సుప్రీంకోర్టు మెట్లెక్కినోడు ఇంకెవడన్నా ఉన్నాడా చెప్పన్నా’ అని వాడి పట్టు.

నేనేమో ఇంకో అమెరికా కమెడియన్ రిచర్డ్ ప్రయర్ అంటా. అంటా గానీ నాకే ఒక అనుమానం పట్టుకుంది. మా ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. కింద పడే అక్షరాలు చూసుకుని నవ్వుతాం. వాడు నాకంటే జోరుగా చదువుతాడు కాబట్టి, కార్లిన్ ఇంకా గుక్క తిప్పుకుంటుండగానే వీడు నవ్వేస్తాడు. అప్పుడు వాణ్ణి నవ్వించింది కార్లినా, ఆ అక్షరాలు కొట్టినోడా? ఇట్లా చదువుకుని నవ్వే మేము ఫలానావాడు గొప్పని ఎట్లా తేల్చేది?

జవాబు 1: చిత్తూరు_చిన్నోడు

అన్నా, జానీ లీవర్‌ను మర్చిపోయి అమెరికా పోయినారేంది? మన ప్రకాశం జిల్లా మూలాలున్న తెలుగు కుటుంబం. ఏడో తరగతితో చదువు ఆగింది. బొంబాయి వీధుల్లో హీరోల మాదిరి డ్యాన్సులేస్తూ పెన్నులు అమ్మినాడు. హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు కంపెనీ ఫంక్షన్‌లో పైఆఫీసర్లనే అనుకరించినాడు, అక్కడే ఆ పేరు పడింది. తనకు జీతమిచ్చేవాణ్ణి ముందు కుర్చీలో కూచోబెట్టి వెక్కిరించాలంటే ఎంత గుండె కావాల?

జవాబు 2: ఎస్వీయూ_పాతకాపు

మీ అనుమానం నిజమే తమ్ముడూ, నేను అనుభవించా. 1980లో ప్రయర్‌కు ఒళ్ళు సగం కాలిపోయింది కదా. తర్వాత 1982లో వచ్చిన షోలో అగ్గిపుల్ల వెలిగించి, దాన్ని గాల్లో ఎగిరెగిరి పడేట్టు నడిపిస్తాడు. మంట అంటుకుని రోడ్డు మీద పరిగెత్తే ప్రయర్ అన్నమాట. తన మీద జనం వేసుకునే జోకును తనే చేసి చూపించినాడు.

అది చూసి మైమరిచిపోయి మా కాలేజీ ఫేర్‌వెల్‌లో నేనూ దిగినా. అగ్గిపుల్ల గీసినా. ప్రయర్ అంటే ఎవరు, ఎందుకు కాలినాడు, ఎట్లా పరిగెత్తినాడు అని వివరం చెప్పుకుంటూ ఉండిపోయినా. ఈలోపు మంట వేలిదాకా వచ్చి చురుక్కుమనింది. ‘అమ్మా’ అని పుల్ల పారేస్తే అప్పుడు నవ్వినారు హాలంతా.

జవాబు 3: పుత్తూరు_పెద్దాయన

మా పక్క ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరున మట్టితో చేసిన పేద్ద దుర్యోధనుడి వధ. ఆ నాటకంలో బపూన్, అదే నవ్వించే వేషగాడు ఉంటాడే, నా లెక్కలో వాడే గొప్పోడు.

నా చిన్నప్పటి మాట. రాత్రి రెండయింది, వస్త్రాపహరణం నడుస్తా ఉంది. దుశ్శాసనుడు చీర లాగతానే ఉన్నాడు. తాగొచ్చిన ఒకాయన లేచి, ‘ఇంకా ఎంతసేపు లాగుతార్రా?’ అని అరిచినాడు. బపూన్ పాట ఆపించి, ‘కూచో మామా! నువ్వు అత్తకు కొనిచ్చిన చీరనుకుంటివా, రెండు మూరలకు అయిపోయేదానికి? పైనుంచి క్రిష్ణుడు ఇస్తా ఉండాడు’ అన్నాడు. ఆడవాళ్ళ వైపు అందరికంటే ముందు నవ్వింది ఆయన భార్యే. ఆయన కూడా నవ్వి, తుండుగుడ్డ పరిచి అక్కడే పడుకున్నాడు.

మీవాళ్ళకు టికెట్ కొని వచ్చిన జనం. బపూన్‌కు నిద్రమత్తులో ఉన్న పల్లె, మధ్యలో ఏడ్చే పిల్లోళ్ళు, తాగుబోతులు. మైకు కూడా అందరికీ కలిపి ఒకటే.

ప్రశ్న అడిగినవాడి మాట: నైట్‌డ్యూటీ_తిరుపతి

పెద్దాయనా, చీర జోకు రూమ్ బాయ్‌కి చెప్తే కౌంటర్ మీద పడి నవ్వినాడు.

నిన్న రాత్రి మేం ఒక పని చేశాం. అక్షరాలు ఆపేసి చూశాం. కార్లిన్ షో పెడితే వాడు కాసేపు చూసి ఆవులించాడు. తర్వాత 1979లో వచ్చిన ప్రయర్ షో పెట్టా, గుండెపోటు వచ్చిన ఘట్టం. గుండే మనిషై ఊపిరి తీయొద్దని గదమాయిస్తుంది. ప్రయర్ పిడికిలి రొమ్ము మీద పెట్టి మెలితిప్పుతాడు, మెలి తిరిగే కొద్దీ మనిషి కిందికి కుంగుతాడు, ఆఖరికి స్టేజీ మీద వెల్లకిలా. ఒక్క ముక్క అర్థం కాకుండానే ఇద్దరం నవ్వాం. వాడైతే ఇయర్‌ఫోను ఊడిపోయినా చూసుకోలేదు.

గెలిచా అనుకున్నా. వాడు కళ్ళు తుడుచుకుని, ‘అట్లయితే చార్లీ చాప్లిన్‌ది కూడా స్టాండపే అనుకో. మాట అర్థం కాకుండా నవ్వితే అది మాట గొప్పా, ఒళ్ళు గొప్పా?’ అన్నాడు.

దీనికి జవాబు తడితే చెప్పండి, వాడి నోరు మూయించాల. 204 వాళ్ళు అప్పుడే వేడినీళ్ళకు బెల్ కొడుతున్నారు, గీజర్ ఇంకా వేయనేలేదు.