ఒక్కడే వచ్చి చంపితే ‘ఉగ్రవాది’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. చెన్నై సాలిగ్రామంలో సబ్‌టైటిల్స్ రాసుకుని బతుకుతున్నదాన్ని. నిన్న రాత్రి ఒక్క మాట దగ్గర గంటన్నర ఆగిపోయాను. మీలో ఎవరైనా ఒడ్డెక్కిస్తారేమోనని ఇక్కడికి తెచ్చాను.

నార్వే మీద డాక్యుమెంటరీ. 2011 జూలై 22న ఆండర్స్ బ్రేవిక్ అనేవాడు ఓస్లోలో ప్రభుత్వ కార్యాలయాల ముందు వ్యానులో బాంబు పేల్చి 8 మందిని చంపాడు. అక్కణ్ణించి పోలీసు వేషంలో ఉటోయా దీవికి పోయి, యువజన శిబిరంలో మరో 69 మందిని కాల్చి చంపాడు. వెనక ముఠా లేదు. వ్యాఖ్యాత వాణ్ణి ‘లోన్ వుల్ఫ్ టెర్రరిస్ట్’ అంటాడు. నాకు ఉన్నది రెండు వరుసలు, వరుసకు 42 అక్షరాలు, మూడు సెకన్లు. ‘ఒంటరి తోడేలు ఉగ్రవాది’ అని కొట్టి, పైకి చదువుకుని, నాకే నవ్వొచ్చి చెరిపేశాను. ‘ఉన్మాది’ అని కొట్టాను. అదీ చెరిపేశాను. ఎందుకంటే వాడికి పిచ్చి ఉందని మొదట చూసిన వైద్యులు రాశారు, రెండోసారి చూసినవాళ్ళు లేదన్నారు. కోర్టు 2012 ఆగస్టులో రెండోవాళ్ళ మాటే నమ్మి, టెర్రరిజం నేరం కిందే శిక్ష వేసింది. నార్వే న్యాయమూర్తులు పిచ్చి లేదని తేల్చాక తెలుగులో నేను ఉన్మాదిని చేస్తే ఎలా?

ఇంతకీ ఒక్కడు ‘ఉగ్రవాది’ అవుతాడా? ఆ మాట వినగానే నాకైతే ఒక సంస్థ, ఒక శిక్షణ శిబిరం, ఫోన్లో ఎవరో ఆదేశాలివ్వడం కనిపిస్తాయి. మీకూ అంతేనా?

పెరంబూరు మాస్టారు: అమ్మాయీ, మాటను విడదీసి చూడు. ‘వాది’ అన్నాక వాదం ఉండాలి. వాదానికి మనిషి ఒక్కడు చాలు. అద్వైతవాదిని పట్టుకుని నీ వెనక ఎంతమంది ఉన్నారని ఎవరూ అడగరు కదా. వీడు దాడికి ముందు 1500 పేజీలకు పైగా రాసి ఊరంతా ఈమెయిల్లో పంపినవాడు. దిక్కుమాలిన వాదమే, కానీ వాదమే. ‘వాది’ అనొచ్చు.

హైకోర్టు వకీలు అన్నయ్య: మా దగ్గర వాది అంటే కేసు వేసినవాడు మాస్టారూ. ఉగ్రవాది అంటే కోపంగా కేసు వేసినవాడు. అలాంటివాళ్ళు రోజూ నా ఛాంబర్‌కి వస్తుంటారు.

తాంబరం చెల్లి: నేను తమిళ మీడియంలో చదివాను కాబట్టి నాకు ఇంకోటి తోస్తోంది. తమిళంలో రెండు మాటలున్నాయి. తీవిరవాది (ఎక్స్‌ట్రీమిస్ట్) వేరు, బయంకరవాది (టెర్రరిస్ట్) వేరు. 2019 మేలో అరవకురిచ్చి ఎన్నికల సభలో కమల్‌హాసన్ గాడ్సే గురించి అన్న మాట గుర్తుందా? స్వతంత్ర భారతదేశంలో మొదటి ‘తీవిరవాది’ అన్నాడు. మర్నాటికి ఇంగ్లీషులో కొన్నిచోట్ల ‘ఎక్స్‌ట్రీమిస్ట్’, కొన్నిచోట్ల ‘టెర్రరిస్ట్’. తెలుగులోకి వచ్చేసరికి చాలాచోట్ల ‘ఉగ్రవాది’ అయి కూర్చుంది. గొడవ గాడ్సే గురించే అనుకోండి, కానీ అందులో సగం అనువాదానిది.

పెరంబూరు మాస్టారు: మంచి మాట తెచ్చావమ్మా. ఇది ఇంకా లోతుకు పోతుంది. తమిళంలో బయంకరం. కన్నడంలో భయోత్పాదనె. మలయాళంలో భీకరవాదం. హిందీలో ఆతంక్, అంటే బెదురు. అన్నిట్లోనూ భయం ఉంది. మన మాటలోనే లేదు! ‘ఉగ్రం’ చేసేవాడి స్వభావం, ‘భయంకరం’ చూసేవాడికి కలిగేది. నరసింహస్వామి శ్లోకం ‘ఉగ్రం’తోనే మొదలవుతుంది. తిరువల్లిక్కేణి పార్థసారథి గుళ్ళో స్వామి ముందు నిలబడి ఆ మాటే అంటాం, భయపడి కాదు, భక్తితో. దేవుడి విశేషణం తీసుకెళ్ళి వీళ్ళకి తగిలించాం.

అది అలా ఉంచు. మన మాటలో భయం లేకపోవడం వల్ల ఏమైందంటే, తెలుగు పాఠకుడు ‘ఎవరిని భయపెట్టాలని చేశాడు’ అని అడగడు. ‘ఎవడు వాడు, ఏ జాతి, ఏ మతం’ అని అడుగుతాడు. ఊరు, పేరు చూసి ఒకణ్ణి ఉగ్రవాది అంటాం, ఇంకొకణ్ణి ఉన్మాది అంటాం. చేసిన పని ఒకటే.

నేను: మాస్టారూ, ఈ ఒక్క ముక్కకే నా గంటన్నర గిట్టుబాటైంది. ఉగ్రవాది, ఉన్మాది రెండూ ‘ఉ’తోనే మొదలవుతాయి, టైపు చేస్తుంటే వేలు దేని మీదికి పోతుందో అదే పడుతుంది. నా వేలు దేనికి ఎప్పుడు పోయిందో పాత ఫైళ్ళు తీసి చూసుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

హైకోర్టు వకీలు అన్నయ్య: ఈసారి జోకు కాదు. భయం సంగతి మాస్టారు ఎత్తారు కాబట్టి చెబుతున్నా. శ్రీపెరుంబుదూరు ఇక్కడికి గంట దూరం. 1991 మే 21న రాజీవ్‌గాంధీని మానవబాంబుతో చంపారు. పూనమల్లి ప్రత్యేక కోర్టు అప్పటి టెర్రరిజం నిరోధక చట్టం టాడా కింద విచారించి 1998 జనవరిలో 26 మందికీ ఉరి వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు ఏమన్నదో తెలుసా? హత్య రుజువైంది, కుట్ర రుజువైంది, కానీ టాడా చెప్పే టెర్రరిస్టు చర్య మాత్రం కాదంది. రాజీవ్‌ను చంపడమే వాళ్ళ ఉద్దేశం, ప్రభుత్వాన్ని లొంగదీయాలనో జనంలో భయం పుట్టించాలనో చేసినట్టు రుజువు లేదంది. 19 మంది బయటికొచ్చారు, నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం మిగిలాయి. అంటే ఎల్టీటీఈ అంత పెద్ద సంస్థ వెనక ఉన్నా చట్టం ఆ మాట వాడలేదు. గుంపు ఉంటేనే ఉగ్రవాదం అనేవాళ్ళకి ఇది చాలదా?

రెండో వైపు చూడండి. యుఏపీఏ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టాన్ని 2019లో సవరించి, సంస్థనే కాదు, ఒక్క వ్యక్తిని కూడా టెర్రరిస్టుగా ప్రకటించొచ్చన్నారు. తలకాయలు లెక్కపెట్టే పని చట్టానికి ఎక్కడా లేదు.

జార్జిటౌన్ బాబాయి: మా ఇన్సూరెన్స్‌వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు, మీరు ఇప్పుడు కొట్టుకుంటున్నారు. అమెరికాలో టవర్లు కూలాక రీఇన్సూరెన్స్ కంపెనీలు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్ ఇచ్చేవి, చేతులెత్తేశాయి. 2002లో ఇక్కడ కంపెనీలన్నీ కలిసి నష్టం పంచుకునేలా టెర్రరిజం పూల్ అని వేరే పెట్టారు. మామూలు ఫైర్ పాలసీలో ఆ నష్టం రాదు, విడిగా ప్రీమియం కట్టాలి. ఆ క్లాజులో రాసిందే చెబుతున్నా: ఒక్కడే చేసినా, గుంపు చేసినా, రాజకీయ, మత, సైద్ధాంతిక కారణంతో అయితే టెర్రరిజమే. డబ్బులు ఇచ్చేటప్పుడు మనుషులకు భాష బాగా వస్తుంది.

కుప్పం తమ్ముడు (వేళచ్చేరి): అక్కా, తోడేలు మాత్రం పెట్టొద్దు. మా కుప్పం, పలమనేరు పక్క తోడేలు గురించి ఎవురూ భయపడరు. కౌండిన్య అడివిలోంచి ఏనుగుల గుంపొస్తే టపాకాయలు కాలుస్తాం, డప్పు కొడతాం, ఎట్లో పోతాయి. ఒంటరి ఏనుగు వచ్చిందంటే మాత్రం మైకులో చెప్తారు, ఎవురూ చేన్లోకి పోరు. అది ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలీదు. ఇక్కడోళ్ళు కూడా ‘ఒత్తై యానై’ అంటారు.

నేను: తమ్ముడూ, పోలిక బ్రహ్మాండంగా ఉంది. ఓస్లో వీధుల్లో ఏనుగును తిప్పితే మా ప్రొడ్యూసర్ నన్ను తొక్కిస్తాడు.

అయినా జంతువు పేరు ఏదైనా సరే, వాడికి కాస్త హీరోతనం తగిలిస్తుందని నా అనుమానం. న్యూజిలాండ్‌లో 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి విషయంలో అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ చేసింది నాకు బాగా నచ్చింది. వాడి పేరు పలకనంది. టెర్రరిస్టు అని మాత్రం పార్లమెంటులో నిలబడి స్పష్టంగా అంది. పేరు పీకేసి మాట ఉంచింది.

తాంబరం చెల్లి: మరి వాదమే లేనివాడు? 2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో హోటల్ కిటికీలోంచి సంగీత కచేరీ మీద కాల్పులు జరిపినవాడు ఎందుకు చేశాడో చివరికి ఎఫ్‌బీఐ కూడా తేల్చలేకపోయింది. 58 మంది ఆ రాత్రే పోయారు. జనం భయపడలేదా?

పెరంబూరు మాస్టారు: భయపడ్డారు. భయం కలగడం వేరు, కలిగించి పని సాధించుకోవాలనుకోవడం వేరు. పులి వచ్చినా భయపడతాం. వాదం దొరకనివాణ్ణి హంతకుడు అనడానికి ఏమైంది? పాత మాట, గట్టి మాట. అది చిన్న తిట్టు అన్నట్టు ఈ మధ్య అందరూ ఉగ్రవాది కోసం ఎగబడుతున్నారు.

జార్జిటౌన్ బాబాయి: అందుకే బ్రిటన్‌లో తల పట్టుకున్నారు. 2024 జూలైలో సౌత్‌పోర్ట్‌లో డాన్సు క్లాసుకొచ్చిన ముగ్గురు ఆడపిల్లల్ని ఒకడు పొడిచి చంపాడు. ఇంట్లో అల్‌ఖైదా మాన్యువల్ దొరికింది, కానీ వాడికంటూ సిద్ధాంతం దొరకలేదు. ఆ చావులకు హత్య కేసే పెట్టారు. అవసరమైతే చట్టమే మారుస్తామని ప్రధాని స్టార్మర్ అన్నాడు.

హైకోర్టు వకీలు అన్నయ్య: మారిస్తే మన సబ్‌టైటిల్ అక్కకే కష్టం.

నేను: నాకు తేలిపోయింది అన్నయ్యా. బ్రేవిక్ దగ్గర ఉగ్రవాది అనే పెడుతున్నా, ఒక్కడే అయినా సరే. లాస్ వేగాస్ వచ్చే ఎపిసోడ్‌లో ఉంది, అక్కడ హంతకుడు. ఉన్మాది అనే మాట డాక్టరు చెబితే తప్ప నా కీబోర్డు మీద పడదు. ఇదిగో వరుస: ‘ఒంటరి ఉగ్రవాది ఒక్కడే చేసిన దాడి ఇది.’ సరిపోయింది కదా?

పెరంబూరు మాస్టారు: ‘ఒక్కడే’ అన్నాక ‘ఒంటరి’ ఎందుకమ్మా? తీసెయ్. నాలుగు అక్షరాలు మిగులుతాయి.