కిడ్నీ స్కానింగ్‌లో "ఏఎంఎల్?" అని రాశారు, క్యాన్సరేనా?

ప్రశ్న (సోంపేట నుంచి):
అమ్మకి 54 ఏళ్లు. గ్యాస్ నొప్పని కడుపు స్కానింగ్ తీయిస్తే కుడి కిడ్నీలో 2.8 సెం.మీ. గడ్డ కనపడింది. రిపోర్టు చివర "ఏఎంఎల్?" అని ఉంది. ఫోన్లో వెతికితే రక్త క్యాన్సర్ అని వస్తోంది. క్రియాటినిన్ 0.9. "ఉద్దానం జబ్బు నాకూ అంటీసిందేటిరా" అని అమ్మ రాత్రంతా ఏడుపు. ఏం చెయ్యాలి?

జవాబు (సీటీ టెక్నీషియన్, శ్రీకాకుళం):
తమ్ముడూ, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు. ఆ మూడక్షరాలు రక్త పరీక్షలో ఉంటే లుకేమియా. కిడ్నీ స్కానింగ్‌లో ఉంటే యాంజియోమయోలైపోమా. అంటే రక్తనాళాలు, కండ, కొవ్వు కలిసి పెరిగిన గడ్డ. నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ, క్యాన్సర్ కావడం చాలా అరుదు. ఉద్దానం జబ్బు సంగతే వేరు. అందులో గడ్డ ఉండదు, రెండు కిడ్నీలూ ఏళ్ల తరబడి మెల్లగా పాడై క్రియాటినిన్ పెరుగుతుంది. అది అంటుకునేదీ కాదు.

కానీ ఆ ప్రశ్నార్థకాన్ని తేల్చుకోవాలి. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు తెల్లగా మెరుస్తుంది, కొన్ని చిన్న క్యాన్సర్లూ అలాగే మెరుస్తాయి. అందుకే సీటీ. ఇంజెక్షన్ ఇవ్వకముందు సన్నటి స్లైసులు తీసి, గడ్డ మీద హెచ్‌యూ (సీటీలో సాంద్రత చెప్పే అంకె) ఎంతో రిపోర్టులో రాయమనండి. నీళ్లకి అది సున్నా. మైనస్ 10 కన్నా కిందకి దిగితే కొవ్వున్నట్టే. కొవ్వుతోపాటు సున్నం పేరుకున్న మచ్చలుంటే మాత్రం అనుమానించాల్సిందే.

ఇంకో మాట. అమ్మకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? రెండో కిడ్నీలోనూ గడ్డలున్నాయా? ఉంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ (ఒంట్లో చాలా చోట్ల గడ్డలు లేపే జన్యు జబ్బు) కోసం చూస్తారు.

మరొకరు (విజయనగరం):
మా మావయ్యకీ కిడ్నీలో గడ్డే, కానీ అందులో కొవ్వు కనపడలేదు. సూది పెడితే క్యాన్సర్ పాకిపోతుందని ఊరంతా బెదిరించారు. అలా జరగడం చాలా అరుదని డాక్టరు చెప్పాక బయాప్సీ చేయించాం. తొలి రిపోర్టులో "ఆంకోసైటిక్ గడ్డ" అని వదిలేశారు. ఇదో తిరకాసు: ఆంకోసైటోమా అనే గడ్డ క్యాన్సర్ కాదు, క్రోమోఫోబ్ అనేదేమో క్యాన్సరే, మైక్రోస్కోపులో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయట. బ్లాకులు (ముక్కని మైనంలో దాచిన దిమ్మెలు) అడిగి తీసుకుని విశాఖలో ఇంకొకరికి చూపించాం. వాళ్లు సీకే7 అనే రంగు పరీక్ష చేశారు. క్రోమోఫోబ్ అయితే ఆ రంగు చాలా కణాలకి పడుతుంది. మావయ్యకి ఎక్కడో ఒకటీ అరా. ఆంకోసైటోమా అన్నారు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అన్నా, సీటీ అయ్యింది. మైనస్ 52, సున్నం లేదు, రెండో కిడ్నీ శుభ్రం. ఫిట్స్ ఎప్పుడూ లేవు. యూరాలజీ డాక్టరు ఏడాదికోసారి స్కానింగ్ చాలన్నారు. 4 సెం.మీ. దాటితే రక్తం కారే భయముందట, అప్పుడు మళ్లీ ఆలోచిద్దామన్నారు. హఠాత్తుగా నడుం పక్క నొప్పొచ్చినా, మూత్రంలో రక్తం పడినా వెంటనే తీసుకురమ్మన్నారు. అమ్మేమో "కొవ్వు గడ్డ" అనే మాట పట్టుకుని జీడిపప్పు మానేసింది!

జవాబు (సీటీ టెక్నీషియన్):
ఆ కొవ్వుకీ తిన్న కొవ్వుకీ సంబంధం లేదు బావూ. తినమను.