డయాలసిస్ రోగి ఉన్న ఇంటికి, వరదల కాలాన్ని దృష్టిలో పెట్టుకుని ఏ బండి కొనాలి?

గట్టమ్మగుట్ట వాసి:

అందరికీ నమస్కారం. మాది ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలో రామప్ప గుడికి దగ్గరలో ఉన్న పల్లె. మా అమ్మకు అరవై ఏడేళ్లు. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, హన్మకొండకు తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాం. ఇన్నాళ్లూ ఊళ్లో ఉన్న ఒక కిరాయి కారు మీద ఆధారపడ్డాం. ఇప్పుడు సొంతంగా ఒక బండి కొనాలని అన్నదమ్ములం అనుకున్నాం. తొమ్మిది లక్షల వరకు పెట్టగలం.

మా భయమంతా వానాకాలం గురించే. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో మా మండలంలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పటికి అమ్మకు ఈ జబ్బు ముదరలేదు కాబట్టి ఇంట్లోనే ఉండిపోయాం. కిందటి వానాకాలంలో మాత్రం కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకి, నీళ్లు రోడ్డు మీదుగా పారుతుండడంతో మల్లంపల్లి దాకా వెళ్లి వెనక్కి రావలసి వచ్చింది. ఒక్క డయాలసిస్ తప్పింది. రెండో రాత్రికి కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరి ఆడక, అమ్మ తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఆ రాత్రి మళ్లీ రాకూడదన్నదే మా ఆలోచన.

తమ్ముడు పాత థార్ ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుందామంటున్నాడు. నాకు బొలెరో మంచిదనిపిస్తోంది. మా బావగారు ఈకో చాలంటున్నారు, అందులో సీట్లు మడిస్తే మనిషిని పడుకోబెట్టవచ్చని ఆయన మాట. మత్తడి నీళ్లలో నుంచి భద్రంగా దాటగలిగే బండి ఏదో, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత మెకానిక్, హన్మకొండ:

తమ్ముడూ, మీ బాధ అర్థమైంది. ఇరవై రెండేళ్లుగా బండ్ల పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను, మీ ప్రశ్నలోని చివరి వాక్యాన్ని మార్చుకోండి. పారే నీళ్లలో నుంచి భద్రంగా దాటే బండి మీకు అందుబాటులో ఉన్న ధరలోనే కాదు, దానికి మూడింతలు పెట్టినా దొరకదు.

థార్ 650 మిల్లీమీటర్ల లోతు వరకు, ఫోర్స్ గూర్ఖా 700 మిల్లీమీటర్ల వరకు నీళ్లలో నడుస్తాయని కంపెనీలు చెబుతాయి. అది నిజమే. అయితే ఆ లెక్క నిలిచి ఉన్న నీళ్లకు, అడుగున గట్టి నేల ఉన్నచోట, మనిషి నడిచే వేగంతో పోయినప్పటికి సంబంధించినది. మత్తడి నీళ్లు నిలిచి ఉండవు, పక్క నుంచి తోస్తాయి. నాలుగు మీటర్ల పొడవు, ఒక మీటరు డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బండిని తీసుకోండి. నీళ్లు దాని అడుగుభాగానికి తగిలిన తర్వాత పెరిగే ప్రతి పది సెంటీమీటర్లకు, దాదాపు ఆరు వందల ఎనభై కిలోల బరువును నీరు పైకి ఎత్తుతుంది. టన్నున్నర బరువుండే బండి, నీళ్లు లోపలికి చేరేలోగా, ఇంకో ఇరవై రెండు సెంటీమీటర్లకే తేలడం మొదలుపెడుతుంది. చక్రాలు నేలను వదిలిన తర్వాత నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగినా రెండే తిరిగినా తేడా లేదు. చిన్న కార్లయితే అడుగు లోతు నీళ్లకే తేలిపోతాయి. పైగా నీళ్ల కింద తారు ఉందో, కొట్టుకుపోయి గొయ్యి పడిందో స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికి కనబడదు.

ఇంజిన్ సంగతి ఇంకొకటి. గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు వెళ్తే ఆ నీరు సిలిండర్‌లోకి చేరుతుంది. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, అందువల్ల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండిని చాలామంది భయంతో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తారు, ఇంజిన్ పాడయ్యేది ఎక్కువగా అప్పుడే. 2023లో నయీంనగర్ వైపు నీట మునిగిన కార్లలో మా షెడ్డుకు వచ్చిన ఒకదానికి ఇంజిన్ ఆయిల్ గేజీ తీసి చూస్తే, నూనె పాలు ఎక్కువైన చాయ్ రంగులో వచ్చింది. సొంతదారు ఏడెనిమిదిసార్లు సెల్ఫ్ కొట్టానన్నారు. ముట్టుకోకుండా బ్యాటరీ వైరు తీసి, లాగించుకుని తెచ్చి ఉంటే నూనెలు మార్చి, శుభ్రం చేసి ఇచ్చేవాళ్లం. ఆయనకు పూర్తి బీమా ఉంది, కానీ ఇంజిన్ రక్షణ అనే అదనపు కవర్ తీసుకోలేదు. సీట్లకు, వైరింగుకు డబ్బు వచ్చింది, ఇంజిన్ ఖర్చు మాత్రం ఆయన మీదే పడింది. మీరు ఏ బండి కొన్నా ఆ అదనపు కవర్ తప్పకుండా తీసుకోండి.

ఇక మూడు బండ్ల విషయం. మూడు తలుపుల థార్‌లో వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి ఎక్కాలి, అది మీ అమ్మగారి వల్ల అయ్యే పని కాదు. ఈకో తలుపులు పక్కకు జరుగుతాయి, నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, మనిషిని పడుకోబెట్టడానికి నిజంగానే వీలైన బండి. అంబులెన్సుగా కూడా దాన్ని అమ్ముతున్నారు. అయితే దాని గ్రౌండ్ క్లియరెన్సు, అంటే నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య ఉండే ఎత్తు, 160 మిల్లీమీటర్లే. మనుషులతో నిండితే ఇంకా దిగుతుంది. వాన వెలిసిన తర్వాత మీ పల్లె దారిలో పడే గోతులకు, కొట్టుకొచ్చిన రాళ్లకు అడుగు తగులుతుంది. బొలెరోకు 180 మిల్లీమీటర్లు, ఛాసిస్ గట్టిది, ఏ మండల కేంద్రంలోనైనా బాగు చేసే మనిషి దొరుకుతాడు. వరద తర్వాత పది రోజులు కంపెనీ సర్వీసు సెంటరుకు చేరలేని చోట ఈ చివరి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కొత్త డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దగ్గర దగ్గర తిరుగుళ్లకే వాడితే అది మూసుకుపోతుంది. మీరు వారానికి రెండుసార్లు హైవే మీద హన్మకొండ వచ్చి పోతారు కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

పరకాల రైతు:

పై అన్నగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. 2024 సెప్టెంబరు 1న మరిపెడ మండలంలో ఆకేరు వాగు వంతెన దగ్గర ఒక తండ్రీ కూతురూ కారుతో సహా కొట్టుకుపోయారు. వాళ్లు తెలియక సాహసం చేసినవాళ్లని అనుకోకండి, అందరూ రోజూ పోయే రోడ్డే అది.

ట్రాక్టరు ఉందికదా అని మన పల్లెల్లో ఒక ధైర్యం ఉంటుంది. ఊళ్లో నిలిచిన నీళ్లలో, బురదలో, ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా మనిషిని చేర్చడానికి ట్రాక్టరును మించినది లేదు, నేనే మా వాడకట్టులో ఒక గర్భిణిని అట్లా చేర్చాను. ట్రాలీలో మంచం వేసి, మంచం కోళ్లను తాళ్లతో కట్టి, ఇద్దరం పట్టుకుని కూర్చున్నాం. కానీ ట్రాలీతో వాగు దాటడం మాత్రం చేయవద్దు. ఇంజిన్ బరువుకు నిలుస్తుంది, వెనక ఖాళీ ట్రాలీని నీళ్లు పక్కకు ఈడుస్తాయి, దానితోపాటు ట్రాక్టరూ పోతుంది. మీ ఊళ్లో ట్రాక్టరు ఉన్న ఇద్దరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి లేపినా వచ్చేవాళ్లెవరో వానలు మొదలుకాకముందే తెలిసి ఉండాలి.

డయాలసిస్ టెక్నీషియన్, వరంగల్:

ఇక్కడ బండి గురించి చాలా చెప్పారు కాబట్టి నేను రోగి వైపు నుంచి చెబుతాను.

వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిందంటే భారీ నుంచి అతి భారీ వానకు సిద్ధంగా ఉండమని. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే దాన్ని అత్యంత భారీ వర్షం అంటారు. ఆ సూచన ఉన్నప్పుడు రెడ్ హెచ్చరిక ఇస్తారు. ఇవి సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందే వస్తాయి. శుక్రవారం డయాలసిస్ ఉండి, గురువారం రాత్రికి భారీ వాన అని చెబితే, బుధవారమే మీ సెంటరుకు ఫోన్ చేసి గురువారం పొద్దున వస్తామని అడగండి. మేము చాలాసార్లు అట్లా సర్దుతాం. దూరపు ఊళ్ల వారు ముందుగా అడిగితే ఇబ్బంది పడం, మత్తడి దుంకిన తర్వాత ఫోన్ చేస్తే మాత్రం మా చేతిలో ఏమీ ఉండదు. హన్మకొండలో బంధువుల ఇల్లు ఉంటే ఆ నాలుగు రోజులు అక్కడే ఉంచడం ఇంకా మంచిది, కాకపోతే ఆ ఇల్లు పల్లపు కాలనీలో ఉండకూడదు. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ, 2025 అక్టోబరులో మొంథా తుపానప్పుడూ ఈ నగరంలోనే ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి.

దారి మూసుకుపోయి ఇంట్లోనే చిక్కుకుంటే నీళ్లు, ఉప్పు బాగా తగ్గించాలి. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, పండ్ల రసాలు అసలు ఇవ్వకూడదు, పొటాషియం పెరిగితే గుండె మీద పడుతుంది. ఎంత నీరు తాగవచ్చో మీ డాక్టరు గారిని అడిగి ఒక కాగితం మీద రాయించుకుని బండిలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. ఆయాసం మొదలైతే మాత్రం ఎదురుచూడకుండా 108కి చెప్పి, దారి ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేర్చండి.

ఇక బండి ఎంపికలో ఎవరూ చెప్పని ఒక విషయం. అమ్మగారికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఏ చేతికి ఉందో మీరు రాయలేదు. ఎక్కువమందికి ఎడమ చేతికే ఉంటుంది. మన బండ్లలో ఎడమ వైపు ముందు తలుపు దగ్గర నిలబడితే, పట్టుకుని ఎక్కే పిడి ఎడమ చేతికే అందుతుంది. ఒంటి బరువంతా ఫిస్టులా చేతి మీద వేసి పైకి లాక్కోవడం మంచిది కాదు. కుడి వైపు వెనక తలుపు నుంచి ఎక్కిస్తే ముందున్న స్తంభం పిడి కుడి చేతికి వస్తుంది. అటువైపు వాహనాలు పోతుంటాయి కాబట్టి ఇంటి ముందైనా, ఆసుపత్రి ఆవరణలోనైనా బండిని లోపలికి తెచ్చి ఆపిన తర్వాతే ఎక్కించండి. బండి కొనే ముందు అమ్మగారిని వెంట తీసుకెళ్లి ఎక్కించి, దింపి చూడండి.

గట్టమ్మగుట్ట వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఫిస్టులా ఎడమ చేతికే ఉంది, మేడమ్. ఈ రెండేళ్లూ అమ్మ ముందు సీట్లోకి ఆ చేత్తోనే పట్టుకుని ఎక్కుతోందని మీరు చెప్పాకే గమనించాను.

మా ఊరి సర్పంచ్ గారి బొలెరో ఇంటి ముందుకు తెప్పించి నిన్న ఎక్కించి చూశాం. నేల నుంచి ఒక్క అంగలో అమ్మ కాలు పైకి రాలేదు. దేవుడి గదిలోని పీట తెచ్చి వేస్తే, కుడి వైపు నుంచి, కుడి చేత్తో పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. థార్ మాట తమ్ముడు తనే మానుకున్నాడు. ఇంకొక సందేహం. కొత్తది కాకుండా రెండు మూడేళ్లు నడిచిన బొలెరో తీసుకుంటే లక్షన్నర మిగులుతుంది, ఆ డబ్బు వైద్యానికి పనికొస్తుంది. అది వరదలో మునిగిన బండి కాదని తెలుసుకోవడం ఎట్లా?

పాత మెకానిక్, హన్మకొండ:

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పై భాగాన్ని కడుగుతారు కానీ చుట్టలోపల ఉండే ఆఖరి జానెడును కడగరు, అక్కడ ఒండ్రు గీత కనబడుతుంది. సీట్ల కింద పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో వేలితో తడిమి చూడండి, కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తి వాసన చూడండి. డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి. బీమా క్లెయిముల చరిత్ర కూడా అడగండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి, ఆరేళ్లు దాటినవి ఉంటే మార్పించే ఖర్చు లెక్కలో వేసుకోండి.

పీట అటూ ఇటూ జరుగుతుంది, తడిస్తే జారుతుంది. కుడి వైపు పూర్తి పొడవు ఫుట్‌స్టెప్ బిగించి, పైన గరుకు రబ్బరు వేయించండి. జూన్ నుంచి ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, వరదల్లో ట్యాంకర్లు ఆగి బంకులో నూనె అయిపోతే అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. లాగే తాడు, టార్చి, టైరుకు గాలి పట్టే చిన్న పంపు బండిలోనే ఉండాలి. కటాక్షపూర్ దగ్గర రోడ్డు మూసేస్తే మల్లంపల్లి నుంచి నర్సంపేట మీదుగా వరంగల్ చేరే దారి ఉంది. ఎండాకాలంలోనే ఒకసారి ఆ దారిన వచ్చి, ఎక్కడెక్కడ కల్వర్టులు కిందికి ఉన్నాయో చూసి పెట్టుకోండి.

గట్టమ్మగుట్ట వాసి:

వచ్చే ఆదివారం తమ్ముడూ నేనూ నర్సంపేట దారిన బయలుదేరి కల్వర్టులు రాసుకుంటాం. డయాలసిస్ సెంటరులో తేదీలు మార్చే వారి ఫోన్ నంబరు తీసుకున్నాను. హన్మకొండలో మా చిన్నమ్మ వాళ్లది మొదటి అంతస్తు, వాళ్ల కాలనీలోకి ఇంతవరకు నీళ్లు రాలేదట. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన రోజే అమ్మను తీసుకొచ్చి దింపమని చిన్నమ్మే అడిగింది.